నోట ఉన్న మాట... నోట్‌బుక్కులోకి!

మాట్లాడమంటే మైకు అక్కర్లేదు. రాయమంటే మాత్రం పెన్ను కదలదు. తరగతికి నలుగురైదుగురు ఇలాంటి పిల్లలు ఉంటారు. వాళ్లకు ‘మొద్దు’ అని పేరు పెట్టేయడం తేలిక. నోట్లో ఉన్నదాన్ని కాగితం మీదికి తెప్పించడమే కష్టం. ఆ కష్టాన్ని కాస్త తగ్గించే సాధనం ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. అమ్మ చేతిలోని సెల్‌ఫోనే అది!

సైదాబాద్‌లో ఆషాఢం ఆదివారం. డప్పులు, పోతరాజులు, ఘటాల ఊరేగింపు. మర్నాడు బడిలో ‘బోనాల పండుగ గురించి పది వాక్యాలు రాయండి’ అన్నారు సారు. ఏడో తరగతి కుర్రాడొకడు పక్కవాడికి అప్పటికే కథంతా చెప్పేశాడు. పోతరాజు కొరడా ఎలా ఝుళిపించాడో, చిన్న చెల్లెలు భయపడి ఎవరి వెనక దాక్కుందో, ఎవరింట్లో ఏం వండారో... పావుగంట ఆపకుండా చెప్పాడు. పీరియడ్ అయిపోయేసరికి వాడి నోట్‌బుక్కులో మూడే వాక్యాలు. అందులో రెండు బోర్డు మీద చూసి ఎక్కించినవే.

‘‘ఏరా, ఇంతేనా?’’

‘‘నాకు ఎరికే సార్. కానీ రాయరాదు.’’

ఇది ఏ ఒక్క పిల్లాడి కథో కాదు. మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా ఏ సర్కారు బడిలో అయినా, సందుకొకటిగా వెలిసిన ఏ చిన్న ప్రైవేటు బడిలో అయినా వినిపించే మాటే. ‘మా పోరడు మాట్లాడితే లాయర్ లెక్క మాట్లాడతడు, రాయమంటేనే ఏడుస్తడు’ అని తల్లులు చెప్పే మాటా ఇదే. కుర్రాడికి విషయం తెలుసు. మాటా వచ్చు. లేనిదల్లా ఆ రెండింటి మధ్య వంతెన.

ఆ వంతెన లేకపోతే ఏమవుతుంది? ఏడో తరగతిలో ఎవరూ పట్టించుకోరు. ఎనిమిదిలో ‘వీడింతే’ అంటారు. పదో తరగతిలో పరీక్ష హాల్లో వాడి ముందు ఉండేది ప్రశ్నపత్రం, తెల్ల కాగితం, పెన్ను. అక్కడ నోటి మాటకు మార్కులుండవు. రాసిందే చదువు!

మూడు భాషల మూల

సైదాబాద్ చిత్రమైన చోటు. ఒక వీధిలో ఉర్దూ, పక్క వీధిలో తెలుగు. పాలమూరు, నల్గొండ వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చిన కుటుంబాలున్న బస్తీల్లో లంబాడీ మాట. బడికి వెళితే పుస్తకంలో ఇంగ్లీషు.

తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 విద్యా సంవత్సరం నుంచి ఇంగ్లీషు మీడియం విస్తరించింది. పిల్లలు ఒక్కసారిగా తడబడకుండా ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. అంతకుముందు 2018లోనే అన్ని బడుల్లో తెలుగు బోధనను తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అంటే ఇంట్లో ఉర్దూయో లంబాడీయో మాట్లాడే పిల్లలు కూడా తెలుగు రాయాలి, ఇంగ్లీషూ రాయాలి.

వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం... భాష నేర్చుకోవడంలో ఈ నాలుగు మెట్లలో చివరిది రాయడమే. ఎక్కువ బరువు పడేదీ దాని మీదే. ఏం రాయాలో ఆలోచించాలి, వాక్యం కట్టాలి, అక్షరం గుర్తు తెచ్చుకోవాలి, చెయ్యి కదపాలి. ఈ నాలుగూ ఒకేసారి! చెయ్యి, అక్షరం దగ్గరే శక్తి అంతా అయిపోయిన పిల్లాడికి ఆలోచన దగ్గరికి వెళ్లే ఓపిక ఎక్కడుంటుంది? అందుకే ‘బోనాలు పెద్ద పండుగ. బోనాలు మంచి పండుగ. బోనాలు మాకు ఇష్టం’ అని ముగిస్తాడు. తనకు తప్పు లేకుండా రాయడం వచ్చిన మాటలతోనే వాక్యం కడతాడు. తనకు తెలిసిన మాటలన్నీ బయటే ఉండిపోతాయి.

వందల అక్షరాల బరువు

మన అక్షరాలు 56 అని చెప్పుకుంటాం. కానీ పిల్లాడు నేర్చుకోవాల్సింది 56 కాదు. ప్రతి హల్లుకూ గుణింతం ఉంది. దానికి వత్తులు తోడవుతాయి. తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం... అక్షరానికి పైనా కిందా పక్కనా వచ్చి చేరే గుర్తులు. లెక్కేస్తే కంటికి కనిపించే రూపాలు వందల్లోకి వెళతాయి.

మన పొరుగు కన్నడానిదీ ఇదే లిపి కుటుంబం. కన్నడ పిల్లలు అక్షరాలు ఎలా నేర్చుకుంటున్నారో పరిశోధించిన సొనాలీ నాగ్ 2007లో ఓ సంగతి బయటపెట్టారు. ఇంగ్లీషులో 26 అక్షరాల పని తొందరగా ముగిసిపోతుంది. కన్నడంలో మాత్రం నాలుగో తరగతికి వచ్చినా అక్షరాలు నేర్చుకోవడం సాగుతూనే ఉంటుంది. ఇది పిల్లల లోపం కాదు. లిపి తీరే అంత! తెలుగు పిల్లలు అక్షరాల్లోని ధ్వనులను ఎలా పట్టుకుంటారన్న దానిపై ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన దుగ్గిరాల వసంత కూడా పరిశోధన చేశారు. 2004లో అది అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది.

కాబట్టి మూడో తరగతి పిల్లాడు ‘అమ్మ’ను ‘అమ’ అని రాస్తే కంగారు పడక్కర్లేదు. ఏడో తరగతికి వచ్చినా దీర్ఘాలు ఎగిరిపోతుంటే, వత్తులు మాయమవుతుంటే, ళకు ల, ణకు న పడుతుంటే మాత్రం ఆగి చూడాలి. ఎర్ర ఇంకుతో సున్నాలు చుట్టడానికి కాదు... ఏ తప్పు మళ్లీ మళ్లీ వస్తోందో కనిపెట్టడానికి. తప్పుల్లో ఒక వరస ఉంటుంది. ఆ వరస దొరికితే మందు దొరికినట్టే.

నలభై గంటల పాఠం

కంప్యూటరుతో అక్షరం నేర్పొచ్చన్న ఆలోచన తెలుగునేలకు కొత్తది కాదు. భారత సాఫ్ట్‌వేర్ పరిశ్రమకు పితామహుడని పేరున్న ఎఫ్.సి.కోహ్లీ (2020లో కన్నుమూశారు) టీసీఎస్ తరఫున వయోజనుల కోసం కంప్యూటర్ ఆధారిత అక్షరాస్యత కార్యక్రమాన్ని తలపెట్టారు. 2000లో తొలి ప్రయోగానికి ఆయన బృందం ఎంచుకున్న భాష తెలుగు. చోటు... హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెలు!

ఆఫీసుల్లో మూలన పడేసిన పాత కంప్యూటర్లు తెచ్చారు. అఆఇఈల దగ్గర మొదలుపెట్టలేదు. తోలుబొమ్మల్లాంటి బొమ్మలు తెర మీద కదులుతుంటే, వెనక నుంచి గొంతు మాట పలుకుతుంటే, రోజూ వాడే మాటలను మాటలుగానే గుర్తుపట్టించారు. తర్వాతే ఆ మాటను అక్షరాలుగా విడదీశారు. దాదాపు 40 గంటల పాఠం. పగలంతా పనిచేసి వచ్చిన ఆడవాళ్లు కొన్ని వారాల్లోనే పత్రిక పట్టుకుని కూడబలుక్కోగలిగారు.

ఇందులో ఒక సంగతి గమనించాలి. ఆ కార్యక్రమం గురి ప్రధానంగా చదవడం మీదే. రాయడం తర్వాతి సంగతి. మన సర్వేల తీరూ అదే. ఊరూరా తిరిగి 2005 నుంచి పిల్లల చదువును లెక్కగట్టే ‘అసర్’ నివేదిక చూసేది పిల్లాడు అక్షరం చదివాడా, మాట చదివాడా, కథ చదివాడా, లెక్క చేశాడా అన్నదే. రాయడం ఎక్కడా వెనక బెంచీలోనే కూర్చుంది.

యంత్రం ‘అర్థం కాలేదు’ అంటే...

హైదరాబాద్‌లోనే జరిగిన మరో ప్రయోగం ఇంకా చిత్రమైనది. ఢిల్లీలోని కాల్కాజీలో 1999లో గోడకు కన్నంపెట్టి కంప్యూటర్ బిగించి, బస్తీ పిల్లలు తమంతట తామే దాన్ని వాడటం నేర్చుకుంటారని చూపించిన సుగతా మిత్రా గుర్తున్నారా? ఆయన, బ్రిటన్ ఆచార్యుడు జేమ్స్ టూలీ, మరో ఇద్దరు కలిసి హైదరాబాద్‌లో పేద పిల్లలు చదువుకునే బడిలో ఒక పరీక్ష పెట్టారు. మనం మాట్లాడితే అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌ను పిల్లల ముందు పెట్టారు. భాష ఇంగ్లీషు.

పిల్లలు మన యాసలో ఇంగ్లీషు మాట్లాడితే తెర మీద అర్థంపర్థం లేని మాటలు పడ్డాయి. ఎలా మార్చుకోవాలో ఎవరూ చెప్పలేదు. పిల్లలు పంతం పట్టారు. సినిమాలు చూశారు, మాటలు మళ్లీ మళ్లీ పలికారు, ఒకరినొకరు సరిదిద్దుకున్నారు. కొన్ని నెలల్లో యంత్రం వాళ్ల మాట పట్టుకోవడం మొదలుపెట్టింది. ఈ పరిశోధన 2003లో అచ్చయింది.

అది ఉచ్చారణ గురించిన ప్రయోగం. కానీ రాత విషయంలోనూ దాంట్లో పెద్ద పాఠం ఉంది. పదిమందిలో మాస్టారు ‘తప్పు’ అంటే పిల్లాడు ముడుచుకుపోతాడు. యంత్రం తప్పు చూపిస్తే మళ్లీ ప్రయత్నిస్తాడు. యంత్రం వెక్కిరించదు, విసుక్కోదు. నూరోసారి కూడా మొదటిసారి విన్నట్టే వింటుంది.

జేబులో ఉన్న పలక

అప్పట్లో కంప్యూటరు తెలుగు టైపు చేయడమే గగనం. తొంభైల్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ‘ఆర్‌టీఎస్’ పద్ధతి తయారుచేశారు. 2006లో వీవెన్ రూపొందించిన ‘లేఖిని’ వచ్చాక మామూలు జనం కూడా కంప్యూటరులో తెలుగు రాయగలిగారు. 2015లో గూగుల్ చేతిరాత కీబోర్డు వచ్చింది. ఫోను తెర మీద వేలితో ‘క’ రాస్తే ‘క’ పడుతుంది. 2017 ఆగస్టులో తెలుగుకు గూగుల్ గొంతు టైపింగ్ వచ్చింది. చెబితే రాసి పెడుతుంది! గూగుల్‌దే ‘బోలో’ అనే యాప్ 2019లో వచ్చి, తర్వాత ‘రీడ్ అలాంగ్’గా పేరు మార్చుకుంది. పిల్లాడు చదువుతుంటే విని తప్పులు సరిచేసే ఆ యాప్‌లో తెలుగు కూడా చేరింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి తలెత్తితే కనిపించేవన్నీ కంప్యూటర్ కోర్సుల బోర్డులే. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్రకారు హాస్టళ్లలో ఉండి అక్కడ కోర్సులు చేస్తుంటారు. అక్కడికి కూతవేటు దూరంలోని బస్తీ పిల్లాడికి ఆ కంప్యూటర్లతో పనిలేదు. వాడికి కావాల్సిన సాధనం ఇంట్లోనే ఉంది. దాన్ని ఎలా వాడాలో చెప్పేవాళ్లే లేరు.

చెప్పు... విను... దిద్దు... రాయి

ఎలా వాడాలి? నాలుగు మెట్లు.

మొదటిది చెప్పడం. పిల్లాడిని తన బోనాల కథ ఫోనుకు చెప్పమనండి. గొంతు టైపింగ్‌లో అది తెర మీద పడుతుంది. మూడు వాక్యాలు రాసినవాడు ముప్ఫై వాక్యాలు చెబుతాడు. ‘ఇదంతా నేనే చెప్పానా?’ అని వాడికే ఆశ్చర్యం. సగం జబ్బు అక్కడే నయం. రాయడానికి తన దగ్గర సరుకు ఉందని వాడికి మొదటిసారి కళ్లారా కనిపిస్తుంది.

రెండోది వినడం. రాసినదాన్ని ఫోనుతోనే పైకి చదివించాలి. కంటికి దొరకని తప్పు చెవికి దొరుకుతుంది. ఒకే మాట ఐదుసార్లు రావడం, వాక్యం మధ్యలో తెగిపోవడం, ఎవరు ఎవరితో అన్నారో తెలియకపోవడం... వింటే తెలిసిపోతాయి. తన రాతను తానే పరాయివాడిలా వినడం పెద్ద రచయితలు కూడా పాటించే కిటుకే.

మూడోది దిద్దడం. యంత్రం తప్పు విన్న మాటలను, తాను వరస తప్పి చెప్పిన సంగతులను పిల్లాడే టైపు చేసి సరిచేయాలి. ఇక్కడ తెలుగు కీబోర్డు మంచి గురువు. ‘స్త్రీ’ అన్న మాట చూడండి. కాగితం మీద ఒక్క అక్షరం. ఫోనులో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం గుడి... ఆరు నొక్కులు. ఒక్కో నొక్కుకూ అక్షరం రూపం కళ్లముందే మారుతుంది. వత్తు ఎక్కడి నుంచి పుట్టిందో తెలుస్తుంది. బట్టీ పట్టిన గుణింతంలో దొరకని లెక్క ఇక్కడ బోధపడుతుంది.

నాలుగోదే అసలైంది. దిద్దిన కథలోంచి కనీసం పది వాక్యాలు చేత్తో నోట్‌బుక్కులో రాయాలి. ఇది వదిలేస్తే మిగిలిన మూడూ వృథా. పరీక్ష హాల్లోకి ఫోను రాదు. అదొక్కటే కారణం కాదు. చేత్తో రాసేటప్పుడు మెదడులోని వేర్వేరు భాగాల మధ్య సంబంధం టైపు చేసేటప్పటి కన్నా చాలా ఎక్కువగా ఉంటుందని నార్వే శాస్త్రవేత్తలు 2024లో ప్రచురించిన పరిశోధనలో తేల్చారు. వేలు కదిలితేనే అక్షరం మనసులో కుదురుతుంది.

యంత్రానికి రానిది

సాంకేతికత మంత్రదండం కాదు. గొంతు టైపింగ్‌కు పుస్తక భాష బాగా అలవాటు. ‘ఒచ్చిండు’, ‘పోయిండు’, ‘గట్లనే’ అంటే తరచూ తడబడుతుంది. ఇంట్లో మాట్లాడే భాషే తప్పేమోనని పిల్లాడు అనుకునే ప్రమాదం ఉంది. పక్కన పెద్దవాళ్లుండి ‘నీ మాట తప్పు కాదు, అది యంత్రానికి ఇంకా రాలేదు’ అని చెప్పాలి. చుట్టూ డప్పులు, ఆటోలు మోగుతున్న ఒంటిగది ఇంట్లో అది సరిగా వినదు కూడా.

తెలుగులో తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషులో ఉన్నంత గట్టిగా లేకపోవడానికీ కారణముంది. ఇంగ్లీషులో ఒక క్రియకు నాలుగైదు రూపాలు. తెలుగులో ‘చేయు’ను తీసుకోండి. చేశాను, చేయించలేకపోయాను, చేసినవాళ్లందరికీ... ఒక్క మాటకు ఎన్నెన్నో రూపాలు. పైగా మాటకు మాట అతుక్కుని సంధి అవుతుంది. నిఘంటువు ముందేసుకుని పోల్చితే కుదిరే పని కాదు. అందుకే హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ఐటీ లాంటి చోట్ల భాషాశాస్త్రవేత్తలు తెలుగు మాటను విడదీసి చూసే పద్ధతుల మీద ఏళ్లుగా పనిచేస్తున్నారు.

మరో ముప్పు కొత్తది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ‘బోనాలపై వ్యాసం’ అని అడిగితే క్షణంలో వ్యాసం ప్రత్యక్షం. అందులో తప్పులు తక్కువే. కానీ అందులో భయపడి దాక్కున్న చెల్లెలు లేదు! పిల్లాడి చేత రాయించే సాధనానికీ, వాడి బదులు రాసిపెట్టే సాధనానికీ తేడా అదే.

మరి పరిశోధన ఏమంటోంది? అమెరికాలో స్టీవ్ గ్రాహం, డోలొరెస్ పెరిన్ 2007లో రాత నేర్పే పద్ధతులన్నింటినీ బేరీజు వేసి ‘రైటింగ్ నెక్స్ట్’ అనే నివేదిక ఇచ్చారు. కంప్యూటరు మీద రాయడం వల్ల మేలు ఉందని అందులో తేలింది. కానీ అన్నింటికన్నా ఎక్కువ మేలు చేసింది యంత్రం కాదు. ఏం రాయాలో ముందు అనుకోవడం, రాయడం, తిరిగి చూసుకోవడం... ఈ పద్ధతిని పిల్లలకు దగ్గరుండి నేర్పడం. ఉత్త వ్యాకరణ పాఠాలతో మాత్రం రాత బాగుపడలేదు.

మొద్దు కాదు... మరో దారి

ఎంత సాధన చేసినా కొందరికి అక్షరం లొంగదు. 2007లో ‘తారే జమీన్ పర్’ చూసి దేశమంతా కన్నీళ్లు పెట్టుకున్నది అలాంటి పిల్లాడి కోసమే. డిస్లెక్సియా చదవడంలో ఇబ్బంది. డిస్‌గ్రాఫియా రాయడంలో ఇబ్బంది. తెలివితేటలకూ వీటికీ సంబంధం లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఇలాంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. నిపుణుల ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు లాంటి వెసులుబాట్లు అడగొచ్చు.

చిక్కల్లా గుర్తించడంలోనే. ఇంట్లో ఒక భాష, బడిలో రెండు భాషలున్న పిల్లాడు తడబడుతుంటే అది భాష కొత్త కావడం వల్లా, వైకల్యం వల్లా? పరీక్ష ఇంగ్లీషులో పెడితే తేలదు. అందుకే జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో భారతీయ భాషల్లోనే డిస్లెక్సియాను గుర్తించే ‘డాలీ’ని తెచ్చింది. మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లో వచ్చింది. ఒక మోటు లెక్క మాత్రం ఎవరైనా వేసుకోవచ్చు. పిల్లాడు బాగా మాట్లాడే భాషలో కూడా, ఆర్నెల్లు శ్రద్ధగా నేర్పినా అవే తప్పులు అలాగే ఉంటే నిపుణులకు చూపించాలి. దెబ్బలతో మాత్రం అక్షరం రాదు.

తెలంగాణలో 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఎక్‌స్టెప్ ఫౌండేషన్ సాయంతో కృత్రిమమేధ పాఠాలను ప్రాథమిక బడుల్లోకి తెచ్చింది. మొదట ఆరు జిల్లాల్లో ఎంపిక చేసిన బడుల్లో 3, 4, 5 తరగతుల్లో వెనకబడిన పిల్లల కోసం. పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చదువుతుంటే కంప్యూటరు వింటుంది, ఎవరి స్థాయిని బట్టి వాళ్లకు పాఠం ఇస్తుంది. మంచి అడుగే. ఇక్కడా చదవడానికే ముందు వరస. రాయడం వంతు ఇంకా రావాలి.

ఇంట్లో రోజూ పావుగంట

* రోజుకో సంగతి ఫోనుకు చెప్పించండి. అంశం పుస్తకంలోది అక్కర్లేదు. క్రికెట్టో, అంగట్లో బేరమో చాలు.

* చెప్పినదాన్ని ఫోనుతో పైకి చదివించి వినిపించండి.

* ఒక రోజుకు ఒకే రకం తప్పు దిద్దండి. ఇవాళ దీర్ఘాలైతే దీర్ఘాలే. వత్తులు రేపు.

* నాలుగైదు వాక్యాలతో మొదలుపెట్టి చేత్తో రాయించండి. వారం తిరిగేసరికి పదికి వెళ్లొచ్చు.

* అమ్మానాన్నలకు చదువు రాకపోయినా ఫర్వాలేదు. ‘తర్వాత ఏమైంది?’ అని అడగడానికి చదువు అక్కర్లేదు.

* నోట్‌బుక్కు మీద తేదీ వేయించండి. రెండు నెలల తర్వాత మొదటి పేజీ తిప్పి చూపించండి.

ఆ చివరి మాట చిన్నదే. కానీ ‘నాకు రాయరాదు’ అనే పిల్లాడికి అంతకన్నా పెద్ద సాక్ష్యం లేదు. మూడు వాక్యాల పేజీ పక్కన ముప్ఫై వాక్యాల పేజీ. రెండూ తన చేతిరాతే. వచ్చే ఆషాఢంలో మళ్లీ డప్పులు మోగుతాయి. మళ్లీ బడిలో అదే వ్యాసం అడుగుతారు. ఆ రోజు పోతరాజు కొరడా, ఎవరి వెనకో దాక్కున్న చెల్లెలు... వరసగా వచ్చి వాడి నోట్‌బుక్కులో కూర్చోవాలి!